సంఘమున ఆకాశరామన్న

ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘములలో రెండవ ఆరాధన యొకటి మొదలగును. మొదటిది మందిరము లోపల. రెండవది వెలుపల, వేపచెట్టు నీడను. మొదటిదానికి ఆలస్యముగ వచ్చువారును రెండవదానికి ఆలస్యము చేయరు. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వఱకు, ఇటు సాలూరు పార్వతీపురముల వఱకు మేము చూచిన యే గ్రామమునను దీనికి లోటు కానరాలేదు. పాస్టరుగారి భార్య కట్టిన చీర, డీకనుగారి కుమారుని వివాహమున చేతులు మాఱిన కట్నము, కానుకల సంచి లెక్కించినవారి చేతివాటము, ఇవియే అచ్చటి పాఠ్యభాగము. ప్రసంగించువారు పలువురు, వినువారు పలువురు. ఎవరిని గుఱించి ప్రసంగము జరుగుచున్నదో ఆ యొక్కరు మాత్రము అచ్చట నుండరు.

ఇది చిన్న దోషము, మనుష్యులన్న తరువాత నాలుగు మాటలనుకొనక మానుదురా యని కొందఱు పెద్దలు మాతో వాదించిరి. వారి వాదమును మేమంగీకరింపజాలము. సారాయి త్రాగి వచ్చినవానిని మనము ప్రభువు బల్లకు దూరముగ నుంచుదుము. సినిమాకు పోయిన పడుచువానిని మందలింతుము. సహోదరుని పరువును మూడు వీధులలో అమ్మివచ్చినవానికి మాత్రము ముందు వరుసలో కుర్చీ వేసి, ముగింపు ప్రార్థనకు లేపుదుము. త్రాగుబోతు చెఱచునది తన యిల్లు. వీడు చెఱచునది యితరుల యిండ్లు. వీనిలో నేది చిన్నదో చదువరులే నిర్ణయింపవచ్చును.

యాకోబు తన పత్రికయొక్క ఐదవ అధ్యాయమున సహోదరులు ఒకరిపై నొకరు సణుగుకొనుటను నిషేధించెను. ఆ నిషేధము వచ్చిన చోటు గమనింపదగినది. కూలి యెగవేయు ధనవంతులను ఆయన అంతకుముందే దులిపివేసెను. పిదప ఆ ధనవంతుల చేత నలిగినవారికి ఓర్పు బోధించుచు, నడుమ ఈ మాట చెప్పెను. ఓర్పును గుఱించిన బోధలో సణుగుడేల వచ్చెను? వెలుపలివాడు కొట్టిన దెబ్బకు లోపలివానిపై కోపము తీర్చుకొనుట నలిగినవారి నైజమని ఆయన యెఱుగును గనుక. మన సంఘములలో పెక్కురు కూలినాలి చేసుకొనువారు, వలసపోయి బ్రతుకువారు. ఊరి మోతుబరి కూలి తగ్గించినప్పుడు వానిని మనమేమియు ననజాలము. సాయంకాలపు ప్రార్థన కూటమున ప్రక్కయింటి సహోదరునిపై మాత్రము మన నోరు చక్కగా పనిచేయును.

ఈ దోషము తన సొంత వేషముతో వచ్చిన నొక విధముగ మేలే. అది తఱచుగా ప్రార్థనాంశమను ముసుగు వేసికొని వచ్చును. “ఫలాన సహోదరుని కొఱకు ప్రార్థింపుడు. ఆయన యింటి సంగతి ప్రభువునకు తెలియును, నేను చెప్పగూడదు” అని యొకరందురు. అంతట పదిమంది కన్నులు తెఱచుకొనును. ప్రార్థన ముగియకముందే ఆ చెప్పగూడని సంగతి వరుసగా అందఱి చెవులను చేరును. ప్రభువునకు తెలిసిన సంగతి ప్రభువుతోనే చెప్పుకొనుటకు పదిమంది సాక్షులేల యని యడిగినవారిని మేమింతవఱకు చూడలేదు. మేమును చాలకాలము అడుగలేదు.

ఇక కాగితముపై జరుగు పరిచర్య వేఱు. పేరులేని యుత్తరమునకు తెలుగువారు ఆకాశరామన్న యుత్తరమని పేరు పెట్టిరి. ఈ రామన్నకు బాప్తిస్మమిచ్చినదెవరో తెలియదు గాని, ఆయన మన శాఖలన్నిటిలోను సభ్యుడు. కాథలికుల బిషపుగారికి వ్రాయును, బాప్తిస్టుల కార్యాలయమునకు వ్రాయును, లూథరనులకును వ్రాయును. శాఖల ఐక్యతను ఇంత చక్కగా సాధించినవాడు మఱియొకడు లేడు. నేడాయన కాగితమును కలమును విడిచి చేతి ఫోనులో కాపురమున్నాడు. వాట్సాపున ఎవరో పంపినదానిని తాను పంపుచున్నానను సాకుతో అర్ధరాత్రి యొక పాస్టరు కాపురమును నాలుగు మండలములకు చాటివచ్చును. వ్రాసిన చేయి కనబడదు, పంపిన చేతులకు బాధ్యత లేదు.

పితూరీ యను మాటకు మా ప్రాంతమున రెండర్థములు గలవు. ఏజెన్సీ కొండలలో పితూరీ యనగా తిరుగుబాటు. మైదానమున పితూరీ యనగా పైవారికి మోయు చాడీ. మొదటిదానికి ధైర్యము కావలెను. రెండవదానికి అది లేకపోవుటయే యర్హత.

ఈ యలవాటు సువార్తతో వచ్చినది కాదు, బంగళాతో వచ్చినది. 1870వ దశాబ్దము నుండి కెనడా బాప్తిస్టులు భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి మొదలగు చోట్ల స్థిరపడి చేసిన మేలును మేము తక్కువ చేయుట లేదు. వారి పాఠశాలలలోను వైద్యశాలలలోను మన తాతలు బాగుపడిరి. కాని ఆనాటి కాంపౌండులో ఉపదేశి జీతము, బైబిలు స్త్రీ జీతము, పిల్లవాని హాస్టలు సీటు, కాపురముండు గది, అన్నియు దొరగారి మాటపై నాధారపడియుండెను. ఇట్టిచోట సహోదరుని సరిదిద్దుట కంటె దొరగారి వరండా మెట్లెక్కుట లాభకరము. వరండాలో చెప్పిన యొక మాటకు ఒకని జీతము పోవును, మఱియొకనికి వచ్చును. 1947లో ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షను ఏర్పడి, క్రమముగ అధికారము మనవారి చేతికి వచ్చెను. దొరలు పోయిరి. వరండా పోలేదు. అందు కూర్చుండువారు మాఱిరి, మెట్లెక్కువారు మనమే. మందిరపు స్థలముల తగవులు న్యాయస్థానములకెక్కి, వాయిదాలతో తరములు గడచుట ఆంధ్రదేశమున క్రొత్త సంగతి కాదు.

మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున ప్రభువు చెప్పిన క్రమము చిన్నపిల్లలకును తెలియును. తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగ మాటాడవలెను; వినకున్న ఒకరిద్దఱిని వెంటబెట్టుకొని పోవలెను; అప్పటికిని వినకున్న సంఘమునకు చెప్పవలెను. మనమీ క్రమమును తలక్రిందులుగ ఆచరించుచున్నాము. మొదట లోకమునకు, పిదప సంఘమునకు, తరువాత ఇద్దఱు ముగ్గురు బంధువులకు చెప్పుదుము. సహోదరునితో చెప్పుట యను నాలుగవ మెట్టునకు మనలో ననేకులు ఈ జన్మమున చేరరు. ఇట్లేల యని యడిగినచో “నిప్పు లేనిదే పొగ రాదు గదా” యని సిద్ధమైన సమాధానము గలదు. పొగ వచ్చినచోటికి నీళ్లు తీసికొనిపోవువాడు పొరుగువాడు. పొగ వచ్చుచున్నదని ఊరెల్ల చాటి, ఆ యింటి గడప మాత్రము త్రొక్కనివాడెవడు?

ఇది నేటి పల్లెటూరి క్రైస్తవుల తెలివితక్కువ యని పట్టణవాసులైన చదువరులు తలంపకుందురుగాక. తెలుగు సువార్తతో ముడిపడిన మహనీయులే యీ గుంటలో పడిరి.

1805లో లండను మిషను పక్షమున జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజి యనువారు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. క్రాను 1809లోను, డెగ్రాంజి 1810లోను గతించిరి. వారి శాఖకు చెందని బాప్తిస్టులు, బెంగాలులోని శ్రీరామపురమున నున్న విలియం కేరీ బృందమువారు, ఆ మత్తయి మార్కు లూకా సువార్తలను 1812లో అచ్చువేసి తెలుగువారికిచ్చిరి. శాఖాభేదము అడ్డురాలేదు, దూరమడ్డురాలేదు.

ఈ శ్రీరామపురపు కుటుంబము 1800లో కాపురము పెట్టినప్పుడు తమకొక కట్టడి చేసికొనెను. అందఱిదియు ఒకే పంక్తి, ఒకే సంచి. ప్రతి శనివారము సాయంకాలము అందఱు కూడి, ఆ వారములో తమ నడుమ పుట్టిన మనస్పర్ధలను ముఖాముఖి తీర్చుకొని, ఒకరినొకరు ప్రేమింతుమని మాట యిచ్చుకొనవలెను. మనస్పర్ధలుండవని వారు నటింపలేదు. వంటకు వేళ యేర్పఱచినట్లు తగవు తీర్చుకొనుటకును వేళ యేర్పఱచిరి. ఒకే యింట పలు సంసారములు కలిసియుండుట యెట్టిదో ఉమ్మడి కుటుంబములలో పెరిగిన మన చదువరులకు వేఱుగ చెప్పనేల?

1812 మార్చి 11వ తేదీని వారి అచ్చుకూటము కాలిపోయెను. కాగితము, అచ్చు అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు, కేరీ వ్రాయుచుండిన తెలుగు వ్యాకరణపు ప్రతి బుగ్గియయ్యెను. ఎవరి అజాగ్రత్త వలన నిప్పంటుకొనెనను విచారణతో వారు కాలము గడపలేదు. వార్డు బూడిదలో వెదకి అక్షరములు పోతపోయు సాధనములను వెలికితీసెను. కొలది మాసములలోనే అచ్చు పని మఱల సాగెను. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను.

నిప్పునకు చెడనిది ఉత్తరములకు చెడెను. ఇంగ్లండున వారిని బాగుగ నెఱిగిన కార్యదర్శి ఆండ్రూ ఫుల్లరు 1815లో మరణించెను. క్రొత్తగా వచ్చిన యువకులకు పెద్దల కట్టడి రుచింపలేదు. వారిలో నొకడు కేరీ యన్న కొడుకో తమ్ముని కొడుకో యగు యూస్టసు కేరీ. 1817లో వారు కలకత్తాలో వేఱుపడిరి. శ్రీరామపురమునకును కలకత్తాకును నడుమ దూరము పదునాలుగు పదునైదు మైళ్లు. హుగ్లీ నదిపై పడవ యెక్కిన ఒక పూటలో పోయి రావచ్చును. ఆ కాలమున లండనుకు ఉత్తరము చేరుటకు నాలుగైదు మాసములు పట్టెడిది. పడవ ప్రయాణముతో తీరవలసిన తగవులు ఓడ ప్రయాణము చేసెను. ముఖ్యముగ జోషువా మార్ష్‌మనుపై పితూరీలు పోయెను: ఆయన కపటియట, తన కుటుంబమునకు మేలు చూచుకొనునట, మిషను స్థలములను గుప్పిట నుంచుకొనునట. మార్ష్‌మను దంపతులు పాఠశాలలు నడపి, ఆ రాబడిని మిషనుకు ధారపోసినవారు. కేరీ ఆయన పక్షమున నిలిచెను. పెద్దలపక్షమువారును ఊరకుండలేదు, కరపత్రములకు కరపత్రములు వేసిరి. తప్పు యువకులదే యని మేమనము. మందిరపు స్థలములెవరి పేరనుండవలెనను ప్రశ్న న్యాయమైన ప్రశ్నయే. న్యాయమైన ప్రశ్నకు చాడీని వాహనము చేసిరి. అదియే వారి తప్పు.

1827లో శ్రీరామపురము తన్ను పంపిన సంఘముతో తెగతెంపులు చేసికొనెను. మఱల కలిసికొనుటకు పదేండ్లు పట్టెను. 1837 డిసెంబరులో లండనున సంధి కుదిరెను. వార్డు 1823లోనే పోయెను, కేరీ 1834లో పోయెను, మార్ష్‌మను ఆ డిసెంబరు 5వ తేదీననే కన్నుమూసెను. సంధి వార్త సముద్రము దాటి వచ్చునప్పటికి మువ్వురిలో నొక్కడును లేడు.

మన జిల్లాలలో ఇంత పెద్ద కథలు జరుగవు. అర్జీ పుట్టును, సంఘము చీలును, పాత మందిరమునకెదురుగ రేకుల షెడ్డొకటి లేచును. రెండింటను మైకులు పెట్టి ఒకే వేళకు పాడుదురు. పాడు కీర్తనలలో ననేకములు పర్లాకిమిడి ప్రాంతమున 1803లో పుట్టి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారివే. ఒక్కని కీర్తన రెండు మైకులలో రెండు శ్రుతులలో ఢీకొని వీధిలో పోవువారికి నవ్వు తెప్పించును.

ఇంతవఱకు చదివి కొందఱు సంఘ పెద్దలు సంతోషింతురని మేమెఱుగుదుము. ఈ వ్యాసమును ప్రతులు తీయించి, లెక్కలడుగువారి నోటికడ్డముగ పట్టుటకు వారికి చాల అనుకూలముగ నుండును. అందువలన వారితోను రెండు మాటలు చెప్పవలసియున్నది. “తీర్పు తీర్చగూడదు, సణుగగూడదు” అని బోధించువారిలో మొదటి వరుసవాడు తఱచుగ లెక్కల పుస్తకము దాచినవాడే. యెరూషలేములో గ్రీకు భాష మాటాడు విధవరాండ్రకు అనుదిన భోజనము సరిగా నందుట లేదని సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. సంఘమంతటిని సమకూర్చి, ఆ పనికి ఏడుగురిని ఏర్పఱపించిరి. ఏర్పడినవారి పేర్లు చూడగా అన్నియు గ్రీకు పేర్లే; అనగా అన్యాయము జరిగిన పక్షమువారి చేతికే గరిటె యిచ్చిరి! కొరింథు సంఘపు కక్షలను గుఱించి వ్రాసినప్పుడు పౌలు తనకీ సంగతి చెప్పినది క్లోయె యింటివారని పేరు పెట్టి వ్రాసెను. చెప్పినవారును దాగలేదు, విన్నవాడును దాచలేదు. అర్జీకిని పితూరీకిని భేద మిదియే: అర్జీకి పేరుండును, సరిదిద్దగలవారి యెదుట వెలుగులో నిలుచును.

మఱియొకటి. మందిరములో కులము చూచి కూర్చుండబెట్టిన చోట, అవమానింపబడినవాడు గట్టిగా నడుగుట సణుగుడు కాదు. పెద్దమనుష్యుని చేత అవమానింపబడిన స్త్రీని వానియొద్దకే ఒంటరిగ పొమ్మనుట మత్తయి సువార్తను వక్రముగ చదువుట. నేరమైనదానికి పోలీసు స్టేషను గలదు. అచ్చటికి పోవుదానిని సంఘపు పరువు పేరిట ఆపువాడు ఆ నేరములో పాలివాడు.

మా మాటలు పరులకు చెప్పు నీతులని చదువరులు తలంపవచ్చును. కావున మా సంగతియు వ్రాసికొందుము.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును ఊడ్చివేసినప్పుడు కొబ్బరిచెట్లతో, జీడితోటలతో పాటు మా ప్రార్థనా మందిరపు కప్పును ఎగిరిపోయెను. మా ఉపదేశిగారు ఎచ్చటనో అప్పు కుదుర్చుకొని క్రొత్త రేకులు వేయించెను. పని జరుగుట అందఱమును చూచితిమి. సొమ్మెక్కడిదని ఎవరమును అడుగలేదు. మఱుసటి యేడు కోతపండుగలో వచ్చిన ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు వేలము వేయగా వచ్చిన సొమ్ము పెట్టెలో తక్కువ కనబడెను. వేపచెట్టు క్రింద మాట పుట్టెను. మొదట పేరులేని యుత్తరము పోయెను. దానికి బలముగ పిదప పదునొకండుగురము సంతకములు చేసి పైకి అర్జీ పంపితిమి. అందు మా సంతకము మూడవది. ఉపదేశిగారి పని పోయెను. ఆయన పలాస చేరి జీడిపిక్కల కార్ఖానాలో కూలికి కుదిరెను.

రెండేండ్లకు మందిరపు పాతపెట్టె సర్దుచుండగా అడుగున రేకుల దుకాణపు రసీదు దొరకెను. అప్పు తీర్చిన తేదీ కోతపండుగకు మఱుసటి వారము. మొత్తము సరిపోయెను. ఏ రేకుల క్రింద కూర్చుండి ఆ యర్జీపై సంతకములు చేసితిమో, ఆ రేకులే ఆ సొమ్ము.

మాలో ముగ్గురము పలాస పోయితిమి. ఆయన ఏమియు ననలేదు. ఆయన భార్య గుమ్మములో నిలిచి, “మా గుమ్మం మీకు తెల్దేటి బాబూ? ఓపాలొచ్చి అడగలేకపోనారా?” అని లోపలికి పోయెను. దానికి మాయొద్ద సమాధానము లేకుండెను. నిజముగ ఆ గుమ్మము మాకు తెలియును. మా పిల్లలు జ్వరపడినప్పుడు ప్రార్థనకు పిలుచుటకై అర్ధరాత్రి ఆ గుమ్మమే తట్టినవారము.

ఆ యర్జీని వెనుకకు తీసికొందుమని ఏడుగురము కార్యాలయమునకు పోయితిమి. మిగిలిన నలుగురిలో ఒకరు గతించిరి, ముగ్గురు రాలేదు. ఒకసారి రిజిస్టరున నెక్కిన కాగితమును తీయు పద్ధతి లేదని అచ్చటి గుమాస్తా చెప్పెను. మేము వ్రాసి యిచ్చిన క్షమాపణకు వేఱొక నంబరు వేసి, అదే కట్టలో కట్టెను. ఉపదేశిగారికి నకలు పంపుదురా యని యడిగితిమి. అట్టి యాజ్ఞ లేదనెను. కావున ఆ కాగితపు నకలును మేమే పలాస కొనిపోయి ఆయన యెదుట చదివితిమి. ఆయన రెండుసార్లు చదివించుకొని, మడిచి బైబిలులో పెట్టుకొనెను. భార్య ఆ దినమును వెలుపలికి రాలేదు. ఆయనయే లేచి మాకు టీ కాచి యిచ్చెను.